సైకిలు పోయినవాడి ధర్మం

నగరంలో పని ముగించుకొని బయటికి వచ్చిన మనిషి, తాను సైకిలు నిలిపిన చోట అది కనిపించకపోతే, మొదట తన జ్ఞాపకాన్నే అనుమానిస్తాడు. ఇంకో చెట్టు కింద పెట్టానేమో, ఎవరైనా పక్కకు జరిపారేమో అనుకొని నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ వేస్తాడు. జేబు తడిమి చూసుకొంటాడు. తాళంచెవి భద్రంగానే ఉంటుంది. అది తెరవవలసిన తాళం మాత్రం సైకిలుతో పాటు వెళ్ళిపోయింది. ఆ తరువాత అతడు చుట్టూ ఉన్న మనుషుల ముఖాలు చూస్తాడు. ఈ వ్యాసం ఆ చివరి చూపును గురించి.

సైకిలు పోతే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు లోకవ్యవహారం చెప్పే సమాధానం ఒకటుంది; దాని సంగతి ముందు ముందు చెబుతాను. నీతి చెప్పవలసిన సమాధానం వేరే ఉంది. దొంగతనం తప్పని నిరూపించడానికి ఎవరూ వ్యాసం రాయనక్కరలేదు. యోగశాస్త్రం అస్తేయాన్ని యమాలలో చేర్చింది. ధర్మశాస్త్రాలు చోరుడికి దండనలు విధించాయి. దొంగకు చెప్పవలసినదంతా పెద్దలు చెప్పి ఉంచారు. సొత్తు పోగొట్టుకొన్నవాడికి కూడా పాటించవలసిన ధర్మం ఒకటి ఉంటుందని మాత్రం మనకు సాధారణంగా తట్టదు. అన్యాయం జరిగింది అతనికి కనుక, ఆ కోపంలో అతడు ఏమన్నా, ఏం చేసినా చెల్లుతుందని అనుకొంటాం. చెల్లదని నా నమ్మకం. ఆ నమ్మకానికి నేను చెల్లించిన మూల్యం కూడా ఉంది.

పోయిన వస్తువు ఎటువంటిదో మొదట గుర్తించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిలు ఉంది. స్కూటరు, మోటారుసైకిలు వంటివి ఉన్న కుటుంబాలు 21. కారు ఉన్నవి ఐదుకు లోపు. అంటే ఆ లెక్కల నాటికి ఈ దేశంలో సొంత వాహనమంటే అన్నిటికంటె ఎక్కువగా సైకిలే. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పింది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలు సైకిలు కొనుక్కోవడానికి రెండేసి వేల రూపాయలిచ్చే పథకాన్ని ప్రారంభించింది. మనిషికీ బడికీ, మనిషికీ సంతకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ రెండు చక్రాలు ఎంత తగ్గిస్తాయో ఈ రెండు ప్రయత్నాలు చేసినవారికి తెలుసు.

నగరంలో కూడా అంతే. తెల్లవారకముందే దినపత్రికలు పంచే కుర్రవాడు, పాల డబ్బాలు తగిలించుకొని వీధులు తిరిగేవాడు, అన్నం క్యారియరు హేండిలుకు వేలాడదీసుకొని కట్టడాల దగ్గరికి పోయే కూలీ, రాత్రంతా ఎవరి ఇంటికో కాపలా కాసి తెల్లవారి తన ఇంటికి పోయే వాచ్‌మన్ – వీరికి సైకిలు జీవనోపాధిలో భాగం. కారు పోయినవాడికి బీమా కంపెనీ ఉంటుంది. సైకిలుకు బీమా చేయించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అందువల్ల సైకిలు దొంగతనాన్ని చిల్లర దొంగతనం అనేవారు దాని ధరను చూసి అంటున్నారే తప్ప, అది పోయిన మర్నాటి ఉదయాన్ని చూసి కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. చాలా ఏళ్ళ కిందట నేను కొత్తగా ఉద్యోగంలో చేరి హైదరాబాదులో ఒక గది అద్దెకు తీసుకొన్నప్పుడు, ఇంటి యజమాని అయిన పెద్దాయన తన పాత సైకిలును నాకు వాడుకోమని ఇచ్చారు. సాయంత్రం దానిమీద ఒక గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. గ్రంథాలయం ఎదుట ఒక టీ హోటలు. అక్కడ గ్లాసులు కడిగే కుర్రవాడికి పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. ఆ వయసు పిల్లవాడు ఎంగిలి గ్లాసులు కడుగుతూ ఉండటం మాకెవరికీ వింతగా తోచని రోజులవి. తీరిక దొరికితే వాడు నా సైకిలు దగ్గరికి వచ్చి గంట మోగించేవాడు. స్టాండు మీద ఉన్న సైకిలు పెడలు తిప్పి వెనకచక్రం గిర్రున తిరుగుతుంటే చూసి సంతోషించేవాడు.

ఒకనాడు బయటికి వచ్చేసరికి సైకిలు లేదు. నేను అటూ ఇటూ చూశాను. నా చూపు ఆ కుర్రవాడి మీద ఆగింది. హోటలు యజమానితో, "మీవాడు రోజూ దాని చుట్టూనే తిరుగుతుంటాడు గదా!" అన్నాను. దొంగిలించాడని నేననలేదు. ఆ తరువాత చాలాకాలం నాకు నేను చెప్పుకొన్న సమాధానం అదే. వారం తిరిగాక అక్కడ టీ తాగబోతే కుర్రవాడు కనిపించలేదు. అడిగితే యజమాని, "మీరు గంత మాట అన్నంక ఎట్ల పెట్టుకొమ్మంటరు సారూ? నలుగురు వచ్చే జాగ. పంపించేసిన" అన్నాడు. వాడి ఊరేదో అతనికీ సరిగా తెలియదు.

ఆ సైకిలు దొరకలేదు. ఎవరు తీసుకుపోయారో ఈనాటికీ తెలియదు. పెద్దాయన "పోతే పోయిందిలే బాబూ" అన్నా వినకుండా నాలుగు జీతాలలో కొంత కొంత మిగిల్చి దాని వెల ఆయనకు చెల్లించాను. సైకిలు బాకీ అలా తీరింది. రెండో బాకీ ఎవరికి చెల్లించాలో, ఎక్కడ చెల్లించాలో తెలియక అలాగే ఉండిపోయింది.

ఆ రోజున నేను చేసిన తప్పు ఏమిటని ఎన్నోసార్లు ఆలోచించాను. గ్రంథాలయం లోపల యాభై మంది చదువరులున్నారు. వారిలో ఎవరినీ నేను అనుమానించలేదు. వారు శుభ్రమైన చొక్కాలు తొడుక్కొన్నారు, నాలాగే మాట్లాడతారు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. అనుమానం కూడా పల్లమే ఎరుగుతుంది. సొత్తు పోయిన ప్రతిసారీ అది పనిమనిషి వైపు, వాచ్‌మన్ వైపు, వీధిలో తిరిగే పిల్లల వైపు దానంతటదే పారుతుంది. దానికి సాక్ష్యం అక్కరలేదు, వాలు చాలు.

ఈనాడు ఈ ప్రమాదం పెరిగిందే గాని తగ్గలేదు. అప్పుడు నా మాట ఒక హోటలు గోడల మధ్య ఉండిపోయింది. ఇప్పుడు దుకాణం ముందున్న కెమెరాలో మసకగా కనిపించిన కుర్రవాడి బొమ్మ గంటలోపల వందల చేతిఫోన్లకు చేరుతుంది. కింద "వీడే దొంగ" అన్న శీర్షిక ఉంటుంది. సైకిలు పక్కన నిలబడినవాడికీ సైకిలు ఎత్తుకుపోయినవాడికీ ఉన్న తేడా ఆ బొమ్మలో తెలియదు. నేరారోపణకు గురైన పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల పేరు, బొమ్మ, చిరునామా ప్రచురించరాదని 2015 నాటి బాలల న్యాయచట్టం శాసిస్తున్నది. చట్టం లేకపోయినా అది తప్పే. కెమెరా బొమ్మ చేరవలసినది దర్యాప్తు చేసే అధికారికి. వీధి వీధంతటికీ కాదు.

ఈ విషయాన్ని నాకంటె ఎంతో ముందుగా, ఎంతో లోతుగా ఆలోచించినవారు రోము నగరంలో ఒక చలనచిత్రం తీశారు. లుయీజీ బార్తొలీనీ రాసిన నవల ఆధారంగా విత్తోరియో దె సికా 1948లో నిర్మించిన 'సైకిలు దొంగలు' అది. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దీనిని ప్రదర్శించారు. మన దర్శకులెందరినో అది ప్రభావితం చేసింది. యుద్ధానంతరం పనిలేక అలమటిస్తున్న ఆంతోనియోకు గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది, సైకిలుంటేనే ఉద్యోగం. తాకట్టులో ఉన్న సైకిలును విడిపించడానికి భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెడుతుంది. పనిలో చేరిన మొదటిరోజే సైకిలు పోతుంది. పోలీసు అధికారి ఫిర్యాదు రాసుకొని, వెతుక్కోవడం నీ పనే అన్నట్టుగా మాట్లాడతాడు. తండ్రీ, చిన్న కొడుకూ నగరమంతా గాలిస్తారు. అనుమానితుడు కనిపిస్తాడు; అతడు మూర్ఛరోగి, ఆంతోనియోకంటె పేదవాడు; సాక్ష్యం లేదు. చివరకు ఆంతోనియో తానే ఒక ఇంటి ముందున్న సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్ళముందే పట్టుబడతాడు.

ఇటాలియను భాషలో ఆ చిత్రం పేరు బహువచనం. మొదటి దొంగ ఒకడు; రెండో దొంగ సైకిలు పోగొట్టుకొన్నవాడు. అన్యాయం అన్యాయాన్ని ఎలా పుట్టిస్తుందో ఆ ఒక్క బహువచనం చెబుతుంది. అయితే కథ అక్కడ ముగియదు. రెండో సైకిలు యజమాని, ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూసి, పట్టుబడ్డ తండ్రిని విడిచిపెట్టమంటాడు. గొలుసు అతని దగ్గర తెగింది. దానిని తెంపడానికి అతడు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. తన కోపం కంటె ముందు ఆ పిల్లవాణ్ణి చూశాడు, అంతే.

మన సాహిత్యంలో ఈ ధర్మానికి ఆదర్శం చూడాలంటే శూద్రకుని 'మృచ్ఛకటికం'లోని చారుదత్తుడి దగ్గరికి పోవాలి. దానాలు చేసి దరిద్రుడైన చారుదత్తుడి ఇంటికి శర్విలకుడు కన్నం వేస్తాడు. వసంతసేన నమ్మకంతో దాచుకొన్న నగల పేటిక పోతుంది. తెల్లవారి కన్నాన్ని చూసిన చారుదత్తుడు ముందు దాని పనితనాన్ని మెచ్చుకొంటాడు. పాపం, ఇంత శ్రమపడి వచ్చినవాడు ఏమీ దొరకక నిరాశతో పోయాడే అని బాధపడతాడు. వట్టి చేతులతో పోలేదని తెలిసి తృప్తి చెందుతాడు. అది ఇంకొకరి సొమ్మని గుర్తుకు వచ్చాక మాత్రం కుప్పకూలిపోతాడు.

మనలాంటివారికి దొంగ పట్ల అంత ఔదార్యం సాధ్యం కాదు. కానవసరం లేదు కూడా. నాటకంలో నాకు ముఖ్యంగా తోచేది ఆ తరువాతి ఘట్టం. మిత్రుడు మైత్రేయుడు ఒక సులువైన దారి చూపిస్తాడు: ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకొన్నారు, సాక్షి ఎవరు అని అంతా కాదని బుకాయిద్దామంటాడు. చారుదత్తుడు ఒప్పుకోడు. బిచ్చమెత్తి అయినా తీర్చాలంటాడు. భార్య ధూత ముత్యాలహారం ఇస్తుంది. జూదంలో పోగొట్టానని చెప్పి ఆ హారాన్ని వసంతసేనకు పంపుతాడు. అది అబద్ధమే. కాని ఆ అబద్ధపు బరువును అతడు తన మీద వేసుకొన్నాడు, ఇంకొకరి మీదికి తోయలేదు. ఇంట్లో సేవకులున్నారు, వీధిలో పేదలున్నారు. ఒక్కరి వైపైనా వేలు చూపలేదు. నేను ఆ సాయంత్రం టీ హోటలు దగ్గర చెయ్యలేకపోయిన పని అది.

ఇక వ్యవహారం సంగతి. సైకిలు పోయినవాడు మొదట చుట్టుపక్కల విచారించాలి. దారికి అడ్డమని ఎవరైనా తీసి పక్కన పెట్టి ఉండవచ్చు. విచారించడం వేరు, నిందించడం వేరు. "చూశారా?" అన్న ప్రశ్నను అందరినీ ఒకే గొంతుతో అడగగలిగితే చాలు. పిదప పోలీస్ స్టేషనుకు వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కొన్నప్పటి రశీదు, ఫొటో, రంగు, మరమ్మతు గుర్తులు, అన్నిటికంటె ముఖ్యంగా చట్రం మీద కొట్టి ఉన్న సంఖ్య అందులో ఉండాలి. సీటు కింది గొట్టం మీదనో, పెడళ్ళ ఇరుసు అడుగుననో ఆ సంఖ్య ఉంటుంది. ఒకప్పుడు పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను కట్టించుకొని బిళ్ళ ఇచ్చేవి. బిళ్ళ లేకపోయినా, రాత్రివేళ దీపం లేకపోయినా వీధిలో ఆపేవారు. ఆ బిళ్ళలు పోయాయి. మోటారు వాహనాలకున్న రిజిస్ట్రేషను సైకిలుకు లేదు. ఇప్పుడు దానికి పుట్టుమచ్చ ఆ సంఖ్య ఒక్కటే. సైకిలు ఇంట్లో ఉన్నప్పుడే దానిని రాసి పెట్టుకోవాలి. లేకపోతే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే అవుతుంది.

చాలామంది ఫిర్యాదు ఇవ్వరు. దొరుకుతుందా పెడుతుందా అంటారు. దొరకకపోవచ్చు. అయినా ఇవ్వవలసిందే అంటాను. ఒక వీధిలో పదిమంది సైకిళ్ళు పోయి పదిమందీ ఊరుకొంటే, పదకొండోవాడికి అక్కడ దొంగతనాలే లేవన్న సమాధానం వస్తుంది. నా ఫిర్యాదు నా సైకిలును తెచ్చినా తేకపోయినా, తరువాతివాడి మాటకు బలమిస్తుంది. మరొకటి: దొరికిన సైకిలుకు యజమాని ఎవరో తెలియక అది స్టేషను ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసి తుప్పుపట్టడం మనమంతా చూస్తున్నదే. స్వాధీనం చేసుకొన్న వస్తువులను అవసరానికి మించి స్టేషన్లలో ఉంచరాదని, తగిన పూచీ తీసుకొని హక్కుదారులకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కాని హక్కుదారు ఎవరో చెప్పే కాగితం స్టేషనులో ఉంటేగదా!

ఇక్కడే ఒక కొత్త ధర్మసంకటం ఎదురవుతుంది. 1862 నుంచి అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి ప్రకారం దొంగతనం ఎంత చిన్నదైనా పోలీసులు నేరుగా కేసు నమోదు చేసి దర్యాప్తు చేయదగిన నేరమే. అటువంటి నేరం గురించి సమాచారం అందితే కేసు నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 303వ సెక్షను ప్రకారం పోయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయలకు లోపైతే, మొదటిసారి శిక్షపడిన వ్యక్తి సొత్తునో దాని వెలనో తిరిగి ఇచ్చినప్పుడు అతనికి విధించే శిక్ష సమాజసేవ. ఈ తరగతి నేరాన్ని పోలీసులు తమంత తాము దర్యాప్తు చేయడానికి వీలులేని నేరాలలో చేర్చారు. స్టేషనులో సమాచారం పుస్తకంలో రాసుకొని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపుతారు. మేజిస్ట్రేటు ఆదేశిస్తేనే దర్యాప్తు.

శిక్షలో ఉన్న దయ మెచ్చుకోదగినది. ఆకలికో, చాపల్యానికో లోబడి మొదటిసారి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపి నిజమైన దొంగగా తీర్చిదిద్దడం కంటె వీధులు ఊడ్పించడం మేలు. కాని అదే గీత సొత్తు పోయిన పేదవాడి మీద ఇంకో విధంగా పడుతుంది. కొన్నేళ్ళు తొక్కిన మామూలు సైకిలు సాధారణంగా ఐదు వేలకు దిగువనే ఉంటుంది. రోజుకూలీ పని మానుకొని మేజిస్ట్రేటు కోర్టుకు ఎన్నిసార్లు తిరగగలడు? అప్పుడు పక్కనున్నవాడు చెవిలో చెబుతాడు: "ఆరు వేలని రాయి, కేసు కడతారు." మైత్రేయుడు చారుదత్తుడికి చెప్పిన సలహాకు ఇది చుట్టమే.

నా సమాధానం ఇది. అంకె పెంచకూడదు. దొంగ నా సైకిలును తీసుకుపోగలడు గాని నా మాటను తీసుకుపోలేడు. దానిని పోగొట్టుకొంటే నేనే పోగొట్టుకోవాలి. ఫిర్యాదులో మొదటి వాక్యం అబద్ధమైతే, దానిమీద నిలబడవలసిన మిగిలిన నిజమంతా కదులుతుంది. అయితే ధర ఒక్కటే రాసి ఊరుకోవడం కూడా నిజం మొత్తం చెప్పడం కాదు. "దీని వెల మూడు వేలు. దీనిమీదనే నేను రోజూ పనికి పోతాను, ఇది లేకపోతే నాకు బస్సు ఖర్చులు పోను మిగిలేది లేదు" అని రాయవచ్చు, రాయాలి. ఆ రెండో వాక్యం చదవవలసిన బాధ్యత ఆ కాగితం అందుకొన్న అధికారిది.

అధికారి బాధ్యత అంటున్నాను గనుక ఒక పాత మాట గుర్తుచేయాలి. రాజు నియమించిన రక్షకులు పట్టణం చుట్టూ యోజన దూరం, గ్రామం చుట్టూ క్రోశం దూరం దొంగల భయం లేకుండా కాపాడాలనీ, ఆ మేరలో పోయిన సొత్తును వారిచేతనే ఇప్పించాలనీ ఆపస్తంబ ధర్మసూత్రం చెబుతుంది. దొంగలు ఎత్తుకుపోయిన ధనాన్ని రాజు ప్రజలకు ఇవ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి విధిస్తుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరనే మన కేతన పదమూడో శతాబ్దంలో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఈ విధులు ఎంతవరకు ఆచరణలో ఉండేవన్నది చరిత్రకారుల ప్రశ్న. వాటి వెనుక ఉన్న ఊహ మాత్రం స్పష్టం: ప్రజలు పన్ను కట్టేది రక్షణ కోసం, రక్షణ తప్పితే ఆ లోటు రాజ్యానిది. ఆ సూత్రంలో ఐదు వేల గీత లేదు. నేటి రాజ్యం ప్రతి సైకిలుకూ వెల చెల్లించలేకపోవచ్చు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, అతడు చెప్పినది పుస్తకంలో రాసుకొని, ఇటునుంచి ఎక్కడికి పోవాలో విడమరచి చెప్పడానికి ఖజానా అక్కరలేదు.

ఫిర్యాదు ఇచ్చాక సైకిలు లేనివాడికి మరో పరీక్ష మిగిలి ఉంటుంది. పని ఆగదు, ఇంకో సైకిలు కావాలి. పాత సామాను అమ్మే బజారులో కొత్తలాంటి సైకిలు సగానికి సగం ధరకు దొరుకుతుంది. రశీదు అడిగితే అమ్మేవాడు నవ్వుతాడు. పాత సైకిళ్ళు అమ్మేవారంతా దొంగలు కారు. నిజాయితీగా బతికేవారిని ఈ మాట తగలకూడదు. కాని తాళం తెగిన గుర్తు, గీకేసిన చట్రపు సంఖ్య, కారణం లేని చవక – ఇవి కళ్ళున్నవాడికి చెప్పవలసినవి చెబుతాయి. దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొన్నవాడు చట్టం దృష్టిలో నేరస్థుడే. పైగా 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి సాధారణంగా సంక్రమించదు. అంటే ఆ సైకిలు ఎన్ని చేతులు మారినా మొదటి యజమానిదే.

చట్టం సంగతి అలా ఉంచినా, ఈ బేరంలో ఉన్న నైతికమైన చిక్కు తీరదు. నా సైకిలును ఎత్తుకుపోయినవాడు దానిని తొక్కుకోవడానికి తీసుకుపోలేదు, కొనేవాడున్నాడని తీసుకుపోయాడు. ఆ కొనేవాడు ఎవరు? చాలాసార్లు నాలాగే సైకిలు పోగొట్టుకొని, చవకగా ఇంకొకటి వెతుక్కొంటున్నవాడే. నిన్న నష్టపోయినవాడు నేడు కొనుగోలుదారు. నేటి కొనుగోలు రేపటి దొంగతనానికి బయానా. ఆంతోనియో చేతులతో చేసిన పనిని మనం డబ్బుతో చేస్తున్నాం. అతణ్ణి జనం పట్టుకొన్నారు. మనల్ని ఎవరూ పట్టుకోరు.

చివరి ప్రశ్న: దొంగ దొరికితే? మన వీధుల్లో దొరికిన సైకిలు దొంగను స్తంభానికి కట్టి కొట్టడం ఒక వేడుక. వందలాది మంది తమ జీవితంలోని కసినంతా ఆ ఒక్కడి మీద తీర్చుకొంటారు. సైకిలు యజమాని పక్కన నిలబడి చూస్తాడు. దొరికితే దొంగ, దొరకకపోతే దొర అన్న సామెతలోని చేదు అప్పుడు పూర్తిగా అర్థమవుతుంది.

మహాభారత శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. తమ్ముడు లిఖితుడు అన్న శంఖుడి ఆశ్రమంలోని పండ్లను అడగకుండా కోసి తింటాడు. అన్న కోప్పడినా కొట్టడు. ఇది దొంగతనం, రాజు దగ్గరికి పోయి దండన పొందమంటాడు. సుద్యుమ్న మహారాజు క్షమించబోయినా లిఖితుడు ఒప్పుకోక శిక్ష కోరుకొంటాడు. చేతులు పోగొట్టుకొని అన్న దగ్గరికి వస్తాడు. అన్న చెప్పినట్లు బాహుదానదిలో తర్పణానికి దిగితే చేతులు తిరిగి వస్తాయి. ఇంతటి తపశ్శక్తి ఉండి నన్ను ముందే ఎందుకు పవిత్రుణ్ణి చెయ్యలేదని తమ్ముడు అడిగితే, నిన్ను దండించే అధికారం నాది కాదు, రాజుది అంటాడు శంఖుడు.

చేతులు నరికే శిక్షను ఈనాడు మనం సమర్థించలేము. కాని ఆ కథలో సొత్తు యజమాని నడిచిన తీరు చూడండి. పండ్లు చిన్న వస్తువులని తప్పును దాచిపెట్టలేదు. తనవే కదా అని దండనను తన చేతిలోకి తీసుకోలేదు. శిక్ష ముగిసినవాణ్ణి దొంగా అని వాకిట నిలబెట్టలేదు. పోయిన చేతులు మళ్ళీ మొలిచే దారి చూపించాడు. దొంగతనాన్ని దొంగతనమని చెప్పడం, దండనను ధర్మాసనానికి వదలడం, దండన పూర్తయినవాణ్ణి తిరిగి మనుషులలో కలుపుకోవడం – ఈ మూడూ సొత్తు పోయినవాడి చేతిలో ఉన్న పనులు. కొత్త చట్టంలోని సమాజసేవ అన్న శిక్ష ఫలించడం కూడా మూడో పని మీదనే ఆధారపడి ఉంది. సేవ చేయించుకొన్న వీధి అతణ్ణి జీవితాంతం దొంగ అనే పిలిస్తే, ఆ శిక్షకు గడువు లేనట్టే.

ఇప్పటికీ గ్రంథాలయాల ముందు, ఆసుపత్రుల ముందు, బస్‌స్టాండ్ల పక్కన వరసగా నిలబడ్డ సైకిళ్ళను చూసినప్పుడు నేను ఒక్క క్షణం ఆగుతాను. వెనకచక్రానికి వేసిన చిన్న తాళం దొంగను ఎంతసేపు ఆపగలదో అందరికీ తెలుసు; సైకిలునే ఎత్తుకుపోతే ఆ తాళం ఏం చెయ్యగలదు? వాటిని అక్కడ నిలిపి ఉంచుతున్నది తాళం కంటె ఎక్కువగా, ఆ దారిన పోయే వేలమంది వాటిని ముట్టుకోకపోవడం. దొంగ ఆ నమ్మకంలోంచి ఒక సైకిలు విలువ మేరకు తీసుకుపోతాడు. మిగిలినదానిని కాపాడవలసినది సైకిలు పోయినవాడే. ఆ సాయంత్రం నేను దానిని కాపాడలేదు.

ఆ కుర్రవాడు బతికి ఉంటే ఇప్పుడు నడివయసు దాటి ఉంటాడు. ఎక్కడో ఒకచోట వాడికీ ఒక సైకిలు ఉండే ఉంటుంది. అది పోకూడదని కోరుకొంటాను. ఒకవేళ పోయినా, వాడు చుట్టూ చూసినప్పుడు వాడి చూపు ఏ పసివాడి మీదా ఆగకూడదని కోరుకొంటాను.